బండ్రి దారిలో బండి

1998, దీపావళికి ముందు శనివారం, రాత్రి

కౌల్ బజార్ నూనె అంగడి శెట్టిగారు కొత్త అంగట్లో తగిలించడానికి పెద్ద బొమ్మ అడిగారు. బండ్రి ఊరికి పోయే కొండ దారిలో నేను తీసిన ఫోటోను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఆయిల్ పెయింటింగ్‌లా మార్చి మొన్న చూపించాను. కొండలు బాగున్నాయన్నారు. దూరంగా పోతున్న ఎద్దుల బండి మాత్రం నచ్చలేదు.

"బండి బయటికి పోతాండాదప్పా. అంగట్లో పెడితే లక్ష్మి పోయినట్ల అయితాది. లోపలికి వచ్చేటట్ల తిప్పు."

ఫోటోలో వీపులే ఉన్నాయి. ఎద్దుల మొహాలు మౌస్‌తో ఎలాగో గీశాను. తోలేవాడి మొహం చేతకాక, గోధుమరంగు ముద్ద ఒకటి పెట్టి వదిలేశాను. దానిమీద మళ్ళీ పెయింటింగ్ ఎఫెక్ట్ వేశాను, అంతే.

ఇవాళ ప్రింట్ చూసి శెట్టిగారు కుర్చీలో కూలబడ్డారు.

"మా అన్నను నువ్వు యాడ చూసినావప్పా?"

ఆయన అన్న ఆ దారిలోనే బండి బోల్తాపడి చనిపోయాడట, నేను పుట్టకముందు. అది ఉత్త రంగేనని ఎంత చెప్పినా వినలేదు.

"పోయినోణ్ణి ఎందుకు తిప్పితివప్పా?" అంటూ బొమ్మ తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఇంటికి తెచ్చి గోడకు ఆనించాను. ఎంత చూసినా నాకు రంగు ముద్దే కనిపిస్తోంది. అమ్మకు ఈ సంగతేమీ చెప్పలేదు. అన్నం పెడుతూ అటు చూసి, "ఎవుర్రా ఆయప్ప? మనింటికే వస్తాండాడు" అంది.

బొమ్మను గోడ వైపు తిప్పేద్దామని ఇప్పుడే లేచాను. మళ్ళీ తిప్పడానికి చెయ్యి రాలేదు.