నిద్రకు పన్ను లేదు

హిందూపురం, ఆగస్టు 2002

నాయనకు హేమలత దండాలు.

దిగులు పడొద్దు, గెలిచాను. నేను సరిహద్దు అవతల గౌరీబిదనూరులో మేనత్త ఇంట్లో ఉంటున్నానని ఇక్కడి బట్టలు కుట్టే ఫ్యాక్టరీవాళ్లు జీతంలో కర్ణాటక వృత్తిపన్ను పట్టుకుంటున్నారు కదా. మొన్న మేనేజరు ఆంధ్ర పన్ను కూడా కట్టమన్నాడు. అందరి ముందే అడిగేశాను.

"సార్, నేను నిద్రపోయేది ఆడ, మిషను తొక్కేది ఈడ. నిద్రపోయినందుకు గూడా పన్ను కట్టల్లా?"

హాలంతా నవ్వింది, మేనేజరు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆంధ్ర పన్ను ఒక్కటే పోతోంది, కర్ణాటకకు పట్టుకున్నది తిరిగొచ్చింది.

ముదిగుబ్బలో వాన పడిందా? అమ్మను శెనక్కాయ ఉండలు చేసి పెట్టమను. పక్క చేను ఎర్రన్న మన గట్టు జరిపినప్పుడు నన్ను నోరు మూసుకోమన్నావు. ఆదివారం వస్తున్నాను, కొలిచే తాడు తీసి పెట్టు.

నీ బిడ్డ,
హేమలత