ఫోన్ కుర్చీ

లోయర్ ట్యాంక్ బండ్,
హైదరాబాదు.

తమ్ముడు మల్లేశ్‌కు,

నువ్వూ నీ ఇల్లూ చల్లగా ఉండాలని దీవిస్తూ అక్క జంగమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, పిల్ల ముగ్గురం బాగున్నాం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పొద్దున లేవగానే నూనె రాస్తున్నావా, లేక మరదలి మీద వదిలేసి పొలానికి పోతున్నావా? మరదలికి దగ్గు తగ్గిందా? మందులు సగంలో మానేయొద్దని చెప్పు. మేము బాగున్నాం, నిజంగానే బాగున్నాం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఉత్తరం సగం చదివేసరికి నువ్వు చెప్పులు వేసుకుని బస్సెక్కుతావని నాకు తెలుసు. ఎక్కకు. చివరిదాకా చదువు.

పగటిపూట ఫోన్ చేస్తే అక్క ఎత్తడం లేదని నువ్వు అలిగావని మా గుంపులోని బాలప్ప చెప్పాడు. రాత్రి నేను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. సరే, ఊరికి వస్తున్న బాలప్ప చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నా. కాగితం మీద ఉంటే నువ్వు మధ్యలో అరిచి పెట్టేయలేవు కదా! మా సైటులో స్లాబు కుంగిందని ఎవరో నీకు వాట్సాప్‌లో వీడియో పంపారట. పక్క హాస్టల్‌లో ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు కిటికీలోంచి తీసిందే అది. అందులో తల మీద చేతులు పెట్టుకుని అరుస్తున్నది నేనే. దానికి ముందూ వెనకా ఏం జరిగిందో అందులో లేదు. అది నేను చెబుతా.

మా పని ఇప్పుడు అశోక్‌నగర్‌లో. పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. పొద్దున్నే గదిలోంచి బయలుదేరి, చిక్కడపల్లి మీదుగా నడిచిపోతాం. టిఫిన్ బండ్ల దగ్గర ఆ చదువుకునే పిల్లలు ఒక చేత్తో ఇడ్లీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లను చూస్తే మన పిల్ల కూడా ఇలాగే చదవాలని ఆశ పుడుతుంది. ఎండ మాత్రం మన ఊరి ఎండే, కాకపోతే ఇక్కడ గాలికి కూడా గోడ అడ్డం. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడి జొన్నపిండితో రొట్టె చేస్తే పెనం మీదే నాలుగు ముక్కలు. బాలప్ప తిరిగి వచ్చేటప్పుడు మన జొన్నలు మరపట్టించి పంపు. కొంచెం చింతపండు కూడా.

మా కాంట్రాక్టరు మూర్తి గారు. వాళ్ల నాన్నగారు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. మనిషి మంచివాడు, ఆడవాళ్లను ఏకవచనంతో పిలవడు. కానీ ఆయనకు రెండు సైట్లు. మాది ఒకటి, నారాయణగూడలో ఇంకొకటి. అక్కడ ఉన్నప్పుడు మాతో మాట్లాడతాడు, ఇక్కడ ఉన్నప్పుడు వాళ్లతో మాట్లాడతాడు. ఫోన్ చేతిలో ఉంటే మనకు తెలుస్తుంది. ఆయనేమో చెవిలో బొడిపెలా ఒకటి పెట్టుకుంటాడు, వైరు కూడా ఉండదు. మన ముఖంలోకి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతుంటాడు. ఒకసారి నేను అడిగేశాను కూడా.

"సార్, మాతోని మాట్లాడుతున్నరా, చెవుతోని మాట్లాడుతున్నరా?"

నవ్వేశాడు. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వులాటగానే ఉంది.

మా రెండో అంతస్తు పైన స్లాబు పోసి అప్పటికి వారం కూడా కాలేదు. కింద ఇనుప జాకీలు నిలబెట్టి దాన్ని మోయిస్తున్నాం. స్లాబు పైన నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ సిమెంటు గట్లు కట్టి నీళ్లు నిలిపి తడుపుతున్నాం. మీ బావ కింద చెక్కలు సర్దుతున్నాడు. అప్పుడు మూర్తి గారు వచ్చి ఆయన ముందు నిలబడి, ఆయన్నే చూస్తూ అన్నాడట.

"ఇంకా ఎందుకు చూస్తారు? జాకీలు విప్పేయండి. సాయంత్రానికి కింద మొత్తం ఖాళీ అయిపోవాలి."

అన్నది నారాయణగూడ వాళ్లతో. అక్కడి స్లాబు ఎప్పుడో గట్టిపడింది. మీ బావ "సరే సార్" అన్నాడు. మూర్తి గారేమో మీ బావ తనకు నమస్కారం పెట్టాడనుకుని తలూపి, బండెక్కి వెళ్లిపోయాడు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. సెంట్రింగు పనిలో తల పండినవాడు, పచ్చి స్లాబు కింద జాకీలు విప్పుతాడా అని. నేనూ అదే అడిగాను.

"నాకూ అనుమానమొచ్చిందే," అన్నాడు. "గింత జల్ది ఎందుకు అనుకున్న. ఏదన్న మందు కలిపిండ్రేమో, జల్ది గట్టిపడుతదేమో అనుకున్న. మల్ల అడిగితే ఏమనుకుంటడో అని అడగలే."

తమ్ముడూ, ఇది మన ఇంటి జబ్బు. నాన్న మనకు నేర్పింది ఇదే కదా. మేస్త్రి ఒకసారి చెబితే రెండోసారి చెప్పించుకోవద్దు, మన గుంపు పరువు అదే అనేవాడు. ఏ ప్రాజెక్టుకు పోయినా పాలమూరు గుంపు అంటే చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందని మేస్త్రులు మెచ్చుకుంటే నాన్న ముఖం ఎలా వెలిగేదో నీకు గుర్తుంది కదా. మీ బావ మన ఇంటికి వచ్చి నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ మాట ఆయన ఒంటికి పట్టింది. ఆ పరువు కోసమే ఆ రోజు జాకీల కిందికి పోయాడు.

పైన నేను పైపు పట్టుకుని నిలబడ్డాను. చూస్తుంటే ఒక మడిలో నీళ్లు కదులుతున్నాయి. గాలి లేదు, ఎవరూ నడవడం లేదు. గట్టు పక్కన నీళ్లు పోయి తడి మాత్రమే మిగిలింది, నీళ్లన్నీ నడిమికి చేరుతున్నాయి. ఆ మూల స్లాబు కుంగుతోందని అర్థమైంది. ఆడవాళ్లిద్దరినీ దిగిపొమ్మని కేకేసి, స్లాబు అంచుకు పోయి మీ బావను పిలిచాను. కింద రాడ్లు కోసే మిషను మోత. గొంతు చించుకున్నా వినపడదు. అప్పుడే హాస్టల్ పిల్లలు వీడియో తీసింది. నిచ్చెన అవతలి మూల ఉంది. దాని వైపు ఉరుకుతూనే కొంగున కట్టుకున్న ఫోన్ విప్పి మీ బావకు చేశాను.

ఫోన్ జేబులో అదిరిందేమో, రెండో మోతకే ఎత్తాడు. "ఏందే, పని మీద ఉన్న..."

"ఏం అడగకు! సుత్తి ఆడనే పడేసి బయటికి ఉరుకు!"

ఉరికాడు. భార్య మాటకు ఎదురు ప్రశ్న వేయకుండా ఉన్నది పెళ్లయినప్పటి నుంచి అదే మొదటిసారి. ఒక వరుస జాకీలు అప్పటికే విప్పేశాడు. ఆయన బయటికి వచ్చి, నిచ్చెన దిగిన నా పక్కన నిలబడ్డాక లోపల ఏదో చిట్లిన చప్పుడు వినపడింది. కూలిపోలేదు. ఒక మూల కుంగి, పగులు వచ్చింది. అంతే. నేను ఏడుస్తానని అందరూ అనుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మీ బావ చొక్కా పట్టుకుని ఊపేశాను.

మూర్తి గారికి ఫోన్ చేస్తే బిజీ. ఎన్నిసార్లు చేసినా బిజీ. బషీర్‌బాగ్ ఆఫీసులో ఉండే ఇంజనీరుకు పగులు వీడియో పంపాను. ఆయన వెంటనే చూసి, తాను వచ్చేదాకా ఎవరూ దాని కిందికి పోవద్దని చెప్పాడు. వచ్చి, దగ్గరుండి జాకీలు మళ్లీ పెట్టించాడు. ఆ మూల పగలగొట్టి మళ్లీ పోయాలన్నాడు.

మూర్తి గారు వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. మీ బావ భుజం పట్టుకుని "నీకేం కాలేదు కదయ్యా" అని ఎన్నిసార్లు అడిగాడో. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ కుదుటపడ్డాక ఆయన చెప్పిన తీర్పు విను.

"రేపటి నుంచి లేబర్ ఎవరూ ఫోన్లు తేవద్దు. గేటు దగ్గరే ఇచ్చేయండి. ఫోన్ల వల్ల అసలు ధ్యాస ఉండడం లేదు."

మా గుంపంతా తల వంచుకుంది. ఎదురు చెబితే రేపు పని ఉండదని అందరి భయం. నాకూ భయమే. పిల్ల బడి ఇక్కడ, గది ఇక్కడ, గుంపులో ఇన్ని కుటుంబాలు నా మాట మీద ఊరు వదిలి వచ్చాయి. అయినా నోరు ఆగలేదు.

"సార్, మా జేబుల ఉన్న ఫోన్ మనిషిని బయటికి పిలిచింది. లోపలికి పంపింది మీ చెవుల ఉన్నది."

"అంటే తప్పంతా నాదే అంటారా, జంగమ్మగారూ?"

"మీరు చెప్పిన మాట తప్పు కాదు సార్. ఎవరికి చెప్తున్నరో మాకు ఎట్ల తెలుస్తది? ఒక్క నోరు, రెండు సైట్లు."

"ఫోన్ లేకుండా ఈ రోజుల్లో కాంట్రాక్టు చేయగలనా నేను?"

"చెయ్యలేరు. మేము కూడ చెయ్యలేము. ఫోన్ లేకపోతే ఇసుక లారీ హైదర్‌గూడ సందులల్లనే తిరుగుతుండె. ఫోన్ బంద్ పెట్టుమంటలేను సార్. దానికి ఒక జాగ చూపియ్యుండ్రి అంటున్న."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గదికి పోయేటప్పుడు మీ బావ "పని పోతే పోయింది తీ, నేను పోలే గద" అన్నాడు. ఆ మాటకు అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మరునాడు నేనే ముందు పోయాను. కాంట్రాక్టరు వస్తే నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయడం మనవాళ్ల పద్ధతి కదా. ఆ కుర్చీని ఇసుక కుప్ప దగ్గర నుంచి తీసి గేటు పక్కన, గోడ నీడకు వేశాను. మూర్తి గారు బండి దిగుతూనే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను కుర్చీ చూపించాను.

"సార్, ఫోన్ల మాట్లాడాల్నంటే గీడ. పని చెప్పాల్నంటే అది తీసేసి లోపల. మాకూ గదే కుర్చి."

ఆయన కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. చివరికి ఆయన కూర్చున్నాడు. మాట అయిపోయేదాకా కూర్చుని, చెవిలోది తీసి జేబులో వేసుకుని లోపలికి వచ్చాడు. ఫోన్లు లాక్కునే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అందరూ దాన్ని ఫోన్ కుర్చీ అనే అంటున్నారు. మా ఫోన్లు మేమే వాచ్‌మన్ ఈరయ్య తాత దగ్గర సంచిలో పెడుతున్నాం, అందుకే పగలు నీ ఫోన్ వెంటనే ఎత్తలేకపోతున్నా. ఇంటి నుంచి అవసరమైన ఫోన్ వస్తే తాత పిలుస్తాడు, పోయి ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడతాం. మీ బావ మొదట ఒప్పుకోలేదు. "ఫోన్ జేబుల ఉండబట్టే గద నేను బతికిన" అన్నాడు. నిజమే. కానీ ఆ రోజు సిగ్నల్ లేకపోతే? అందుకని ప్రతి అంతస్తులో ఒక ఇనుప రాడ్డు వేలాడదీశాం. ఎవరు కొట్టినా మిషన్లతో సహా అన్నీ ఆగాలి. హాస్టల్ పిల్లలు ఒకటే గోల, "అక్కా, రేపు పరీక్ష ఉంది, జర మెల్లగ కొట్టుండ్రి" అని. మెల్లగా కొడితే ఎట్లా వినపడుతుంది!

ఇంకొకటి కూడా పెట్టాను. ఇది నాన్నకు నచ్చేది కాదు. ఎవరు పని చెప్పినా, చేసేవాడు చేయి కదపకముందు సైటు పేరుతో సహా ఆ మాట తిరిగి చెప్పాలి. పరువు పోతుందని మొదట మనవాళ్లు గునిశారు. చెప్పించుకోవడంలో పరువు పోదు తమ్ముడూ. ఆ స్లాబు కింద పోయేది వేరే ఉంది.

కుంగిన మూల పగలగొట్టి మళ్లీ పోశాం. ఈసారి పూర్తిగా గట్టిపడేదాకా ఆగాం. ఇవాళ పొద్దున ఇంజనీరు చూసి సరే అన్నాడు. మూర్తి గారు కుర్చీలో కూర్చుని మాట్లాడి, ఫోన్ కట్ చేసి, లోపలికి వచ్చి మీ బావను పేరుపెట్టి పిలిచాడు. "నర్సింహులూ, ఈ స్లాబు జాకీలు విప్పేయండి."

మీ బావ చేతులు కట్టుకుని, బడి పిల్లాడిలా గట్టిగా అన్నాడు. "అశోక్‌నగర్ సైటు, రెండో అంతస్తు, జాకీలు విప్పుమన్నరు. విప్పాల్నా సార్?"

"విప్పాలయ్యా, విప్పాలి," అని మూర్తి గారు నవ్వాడు. ఈసారి ఆయన ఎటూ పోలేదు. చివరి జాకీ తీసేదాకా పక్కనే నిలబడ్డాడు. నేను పైన మడుల్లో మళ్లీ నీళ్లు నింపి, చూస్తూ నిలబడ్డాను. చుక్క కదలలేదు.

తమ్ముడూ, ఈ పంట అయ్యాక మరదలిని తీసుకుని మా గుంపులోకి రా అని నేను అడిగితే, నువ్వు ఆ వీడియో చూసి నన్నే ఇంటికి వచ్చేయమన్నావని బాలప్ప చెప్పాడు. నీ భయం నాకు అర్థమైంది. ఇక్కడ నన్ను జంగీ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు, సాయంత్రాలు గదిలో ఆ పిలుపు లేక దిగులుగా ఉంటుంది. కానీ నేను రాను. నువ్వే రా. రాడ్లు నీ అంత బాగా కట్టేవాడు ఈ గుంపులో లేడు. వచ్చాక నువ్వు కూడా మాట తిరిగి చెప్పాలి, అక్కకు కూడా.

అమ్మకు నా దండాలు చెప్పు. ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు జాకీల ముచ్చట దాచొద్దు, ఆమెకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అమ్మ చేయి ఒకసారి నా తల మీద ఉన్నట్టు అనుకుని దీవించమను. పెద్దనాన్నకు, చిన్నమ్మలకు అందరికీ పేరుపేరునా అడిగానని చెప్పు. నీ పిల్లలకు ముద్దులు.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నాల వేళ. మీ బావ నా పక్కనే పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఈ ఉత్తరం నేను ఎక్కడ కూర్చుని రాస్తున్నానో తెలుసా? జాకీలు తీసేసిన ఆ స్లాబు కిందే.

నీ అక్క,
జంగమ్మ