ఫిరంగికి నిప్పు పెట్టిన మామయ్య

హుజూరాబాద్,
ఆదివారం.

ప్రియమైన నవతకు,

నీ కరుణాకర్ రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మస్కట్‌లో నువ్వూ, నీ ఆసుపత్రి డ్యూటీలూ క్షేమమని తలుస్తాను. మీ బాపు కూడా క్షేమమే. ఆయన సంగతి కింద రాశాను, ముందే పేజీ తిప్పకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావా? ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే తిట్టడం మొదలుపెడతావు. అందుకే సెలవు ముగించుకుని వస్తున్న మీ హాస్టల్‌లో ఉండే అతియా చేతికి, మామిడికాయ తొక్కుతో పాటు దీన్నీ ఇచ్చి పంపుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. ఇంటి కప్పు కారడం ఆగింది. అత్తమ్మ బీడీలు చుట్టడం మాత్రం ఆపలేదు. “చేతులు ఖాళీగుంటె నాకు తోచది బిడ్డా” అంటుంది. మూడోది, “బాపు నిజంగ బీడీ మానిండా?” అని అడిగావు. దానికి ముందు నా ఫిరంగి కథ వినాలి.

కరీంనగర్ మ్యూజియంలో, పాత ఫిరంగి ఎలా పేలేదో యానిమేషన్‌లో పిల్లలకు చూపే పని నాకిచ్చారు కదా. ఫిరంగిని నిలువునా కోసినట్టు గీశాను. మూతిలోంచి మందు, దానిమీద గుండు, వెనక చిన్న బెజ్జం దగ్గర నిప్పు. ఇనుమంతా చెప్పిన మాట విన్నది. నిప్పు పెట్టే మనిషే వినలేదు. ఎంత దిద్దినా దేవుడి ముందు అగరబత్తి వెలిగిస్తున్నట్టే ఉన్నాడు. చివరికి, గాలికి అగ్గిపుల్ల ఆరకుండా రెండు చేతులూ అడ్డుపెట్టి, మెడ వంచి, ఒక కన్ను మూసే మనిషిని చూసి గీశాను. బొమ్మకు ప్రాణం వచ్చింది.

ప్రదర్శన మొదటి రోజు అత్తమ్మనూ మామయ్యనూ ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఫిరంగి కంటే ముందు అత్తమ్మ పేలింది.

“గీ తోపుకు అగ్గి వెట్టేటోడు మా ముసలోడు గాదా? గా కన్ను మూసుడు నాకెర్కలేదా! ఏమయ్యా, మానిననంటివి, మల్ల ముట్టిస్తున్నవా?”

బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. మ్యూజియం చూసుకునే జలాలుద్దీన్ సార్ వెనక నుంచి లేచాడు. “అరే కరుణాకర్, బెజ్జం మీద గట్ల చేతులు అడ్డం వెడితె చేతులుంటయా? జర దూరం నిలవడి పొడుగు కట్టెతోని ముట్టియ్యాలె!” ఒక్క బొమ్మలో రెండు నేరాలు బయటపడ్డాయి.

మామయ్య తల వంచుకున్నాడు. “అవునే, తాగుతున్న. తప్పు నాదే, ఇంకెవ్వల్ది గాదు” అన్నాడు.

నవతా, తప్పు తనదేననడం అబద్ధం. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఐదు నెలలు ఆయన బీడీ ముట్టలేదు. ఇంట్లో చాట నిండా బీడీలున్నా ముట్టలేదు. మళ్లీ చేతికిచ్చింది నేను. “మామా, ఒక్కసారి ముట్టించి చూపియ్యి, వీడియో తీసుకుంట” అని బతిమాలాను. వెలుతురు చాలలేదని ఒకసారి, చెయ్యి అడ్డొచ్చిందని ఒకసారి, మొత్తం పదకొండుసార్లు ముట్టింపజేశాను. మర్నాటి నుంచి ఆయనే గొడ్ల కొట్టం వెనక్కి పోవడం మొదలుపెట్టాడు. చూసి కూడా, పోయినసారి ఫోన్‌లో నీకు “మానిండు” అని చెప్పాను. సిగ్గుగా ఉంది నవతా.

ప్రదర్శన మర్నాడే ఇదంతా అత్తమ్మ ముందు ఒప్పుకున్నాను. ఆమె పొడుగాటి పత్తికట్టె అందుకుని, పక్కకు తిరిగి నిలబడి, ఇద్దరినీ దూరం నుంచే పొడుస్తూ తిట్టింది. సరిగ్గా ఫిరంగి ముట్టించే తీరు అదే! కొత్త బొమ్మ ఆమెను చూసే గీశాను. సార్ ఒక్క తప్పు పట్టలేదు.

మామయ్య మళ్లీ మానేసి ఇరవై రెండు రోజులు. డాక్టరు ఫికర్ లేదన్నాడు. ఆసుపత్రి నుంచి వస్తూ బస్సులో అడిగాను.

“అందరి ముంగట నా పేరు ఎందుకు చెప్పలే మామా?”

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు, “నువ్వు ముట్టియ్యుమన్నవు అల్లుడా. దమ్ము గుంజుమన్నవా?”

తిట్లన్నీ నాకే రాయి. ఆయనకు మాత్రం ఒక్క ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నా పేరు చెప్పకుండా మీ బాపు కాపాడిన నేరస్తుడు,
నీ పెనిమిటి
కరుణాకర్