ఎర్రన్న అప్పీలుకి సాక్షులం

12-8-1968

వకీలు జగన్నాధం గారికి నమస్కారాలు.

నల్లమందు అమ్మాడని మా పక్కింటి ఎర్రన్నకి రెండేళ్లు శిక్ష పడింది కదండి. అతను ఎండుచేపలు అమ్ముకోడానికి బరంపురం వెళ్లొస్తుంటాడు. మా అత్తకి కడుపులో పుండు. ఆమె అరుపులు వినలేక, నొప్పికి నల్లమందు తెమ్మని అతన్ని బతిమాలింది నేనే. రెండుసార్లు తెచ్చాడు. మూడోసారి కోటబొమ్మాళి రైలు స్టేషనులో దొరికిపోయాడు. ఎవరికోసమని ఎంత గద్దించినా మా పేరు చెప్పలేదు.

అప్పీలులో కొత్త సాక్షుల్ని వినడం అరుదన్నారు మీరు. అయినా వస్తానండి.

"నిన్నూ లోపలేస్తారే, పిల్లలేటయిపోతారు?" అన్నాడు మా ఇంటాయన. భయమేసి రెండ్రోజులు ఊరుకున్నాను. మంచంలోంచి అంతా విన్న మా అత్త నిన్న ఆయన్ని పిలిచింది.

"తిన్నది నేనురా. నన్ను మోసుకెళ్లండి, జడ్జీబాబుకి నేనే సెప్తాను" అన్నాది. ఆయన ఇవాళ పొద్దున్నే వెళ్లి బండి మాట్లాడొచ్చాడు.

వాయిదా రోజున వస్తాం. మా అత్త కూర్చోలేదు. కోర్టు వరండాలో ఆమెని పడుకోబెట్టడానికి కాస్త చోటు అడిగి ఉంచండి. అంతవరకూ ఆమె ఉండకపోతే, నేనొక్కదాన్నే వస్తాను.

ఇట్లు,
ఎర్రన్న పక్కింటామె