కిల్లీన్ మీద అద్దం

డన్‌కార్రా,
మార్చి 1994

అమ్మా,

ఒళ్ళంతా కంపరంగా ఉంది. ఎంత సబ్బు పెట్టి రుద్దుకున్నా పోవడం లేదు. మట్టి కంపరమైతే పోయేదే. నన్ను మన పాత ఊరి కోటలో తవ్వకాలకే పంపుతున్నారంటే నువ్వెందుకో వెళ్ళొద్దని మాట మార్చేశావు. నువ్వన్నట్టు రాకుండా ఉండాల్సింది.

కోటను హోటల్ చేస్తున్న కల్లినాన్, బార్ కోసం ఉత్తరపు గోడ పక్కన నేల తవ్విస్తుంటే పసిబిడ్డల ఎముకలు బయటపడ్డాయి. ప్రతి బిడ్డ గుండెల మీదా ఒక తెల్లరాయి. పక్కనే మధ్యయుగాల కుండపెంకులు, ఒక కంచు పిన్ను దొరికేసరికి, అన్నీ ఆ కాలానివేనని మా పురావస్తు బృందం పెద్దాయన తేల్చేశాడు. జ్ఞానస్నానం అందకుండా పోయిన పిల్లల్ని చర్చి నేలలోకి రానివ్వక గోడవారన పాతిపెట్టిన చోటు అది, కిల్లీన్ అంటారు. ఎప్పుడో చచ్చిన ఆ ఫాదర్ల మీద కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

కల్లినాన్ గుంత గట్టున కూర్చుని హామ్ శాండ్‌విచ్ తింటున్నాడు. రొట్టెపొడి ఎముకల మీద రాలుతున్నా అతనికి పట్టలేదు.

"ఏం అదృష్టమమ్మాయ్! వీటిని ఇలాగే ఉంచి పైన అద్దం పరిచేద్దాం. కింద లైట్లు పెట్టిస్తా. జనం గ్లాసులు పట్టుకుని పైన నిలబడి చూస్తారు!"

"మీ పిల్లలైతే పరుస్తారా?" అన్నాను.

"పాతకాలపు సరుక్కి పిల్లలేంటి, తల్లులేంటి! వీళ్ళ తరఫున అడగడానికి ఎవరొస్తారు?"

మా పెద్దాయన కూడా నవ్వాడు.

తవ్వకం అనుమతి నా పేరు మీదే ఉంది కాబట్టి, శుక్రవారం అద్దానికి ఒప్పుకుంటూ నేను సంతకం చెయ్యాలి. చెయ్యను. ఉద్యోగం మానేసి గాల్వే వచ్చేస్తాను. నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు, అదీ తెలుసు. ఒక రాయి మాత్రం కళ్ళలోంచి పోవడం లేదు. దాని మధ్యలో ఎర్రటి గీత ఉంది.

నీ సోర్చా


గాల్వే

సోర్చా తల్లీ,

ఉద్యోగం మానకు. సంతకమూ పెట్టకు.

ఎర్రగీత రాయి నాది. కడుపుతో ఉన్నప్పుడు సముద్రం ఒడ్డున ఏరుకున్నాను. నీకంటే ముందు, 1958లో, ఒక బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఫాదర్ గడప దాటి లోపలికి కూడా రాలేదు. "జ్ఞానస్నానం లేదు కదా, నా నేలలో చోటు లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. మీ నాన్న చెప్పుల పెట్టెలో పెట్టుకుని కోట వెనక్కి తీసుకెళ్ళాడు. తల్లి వెంట వెళ్ళే ఆచారం లేదు. గుర్తుగా రాయి మాత్రం ఆయన చేతిలో పెట్టాను. ఊళ్ళో ఇంకా ఎందరి పిల్లలు అక్కడ ఉన్నారో. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

నీకు జ్ఞానస్నానం చేయించింది ఆ ఫాదరే. ఆ రోజు ఆయనకు టీ కలిపి, కేకు కోసి పెట్టాను. అది తలుచుకుంటే నా చేతులంటే నాకే రోత.

ఈమధ్య కాలంలో పోయినవాళ్ళ ఎముకలు దొరికితే పోలీసులొచ్చి పని ఆపించాలని నువ్వే ఒకసారి చెప్పావు. ఇవాళ స్టేషన్‌కి వెళ్ళి అంతా చెప్పేశాను. సార్జెంట్ రాసుకుంటూ తలెత్తలేకపోయాడు. గురువారం పొద్దున వాళ్ళ కారులోనే బయల్దేరుతున్నాను.

వాడికి ఒక పేరు పెట్టుకున్నాను, మీ నాన్నకు కూడా చెప్పలేదు. కోల్మన్.

ఎవరొస్తారని అడిగాడుగా ఆ కల్లినాన్. నేనొస్తున్నానని చెప్పు.

మీ ఇద్దరి అమ్మ,
నోరీన్