టేపు అవతలి కొస

నాన్నా, లేచాక కారు తియ్యకు. చక్రాల పక్కన రెండు వైపులా దారాలు కట్టాను, తగిలితే కొలతలు తప్పుతాయి. స్టీరింగ్ తిన్నగా ఉండేలా సీటుకి తాడుతో బిగించాను, దాన్నీ కదపకు. ముందు చక్రాలు రెండూ అలిగిన తోడికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. సరిచెయ్యడం మెకానిక్ బాబాయి చూపించాడు. కానీ టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. రాయి కింద పెట్టి చూశాను, జారిపోతోంది. నేను బడి నుంచి వచ్చేదాకా డ్యూటీకి బయల్దేరకు. క్యారేజీ సర్ది పెట్టాను.

ఇంకోటి. "షెడ్డుకి తెండి, చిటికెలో చేసేస్తా" అన్నాడు బాబాయి. నేనే వద్దన్నాను. "కారు పక్కకి లాగుతోందమ్మా" అని నువ్వు చెప్పింది నాకు కదా. ఈ మధ్య నాతో అన్న మాట అదొక్కటే.