మిరప బస్తాల మధ్య తెల్లబడ్డ చేప

బుధవారం

కోల్డ్ స్టోరేజీ మేనేజరు మొహిద్దీన్ బాషా గారికి,

మిరప రైతుకు ద్రోహం జరిగింది. చేసింది మీరు. ఫోన్లో అయితే మాట మారుస్తారని రాతపూర్వకంగా అడుగుతున్నాను. మా నాన్న బుల్లయ్య గారి బస్తాల నడుమ ఐసు పెట్టెలో ఒక చేప ఉంది. దానికి ఒక పక్క నలుపు, రెండో పక్క తాలు కాయలా పాలిపోయింది. కళ్ళు రెండూ ఒకే పక్కకు వచ్చేశాయి. గదిలో ఏ గ్యాసు వదులుతున్నారు? చేపకే రంగు పోతే మా కాయల గతేమిటి? జవాబు రాకపోతే ఆదివారం పదింటికి సరుకంతా బయటికి లాగుతాం.

రైతుల పక్షాన,
ప్రసన్నకుమార్

తా.క. ఆదివారం మీ గేటు ముందు సభ. కరపత్రాలు అచ్చుకిచ్చాను. సభాధ్యక్షులు మా నాన్నే.

గురువారం

బాబు ప్రసన్నకుమార్‌కు సలాం.

అది హాలిబట్. దాని పుట్టుకే అంత. ఉత్తరాది చల్లటి సముద్రాల్లో అడుగు నేలను అంటుకుని పడుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు చెరో పక్కా ఒక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఒకటి రెండోదాని పక్కకు జరుగుతుంది. పైపక్క బురద రంగు, ఎవరికీ కనపడకుండా. కిందిపక్క తెలుపు, అక్కడ చూసేవాడెవడు? సరుకు మాత్రం లాగకు. చల్లటి కాయ బయటి గాలికి చెమ్మ పట్టి నల్లబడుతుంది. మంచి ధర కోసం మీ నాన్న వేసవి నుంచి కాచుకున్నారు.

మీ మేలు కోరే,
మొహిద్దీన్ బాషా

తా.క. పెట్టె ఎవరిదని అడగొద్దు. మాటిచ్చాను.

శుక్రవారం

మేనేజరు గారికి,

కన్ను జరిగిందా? మీ కళ్ళు రెండూ వ్యాపారుల వైపు ఎప్పుడో జరిగాయి. మాటిచ్చింది ఏ కంపెనీకి? లారీ మాట్లాడాను. చీమకుర్తి రాళ్ళు మోసే లారీ, మీ వాచ్‌మన్ అడ్డం పడితే ఆగేది కాదు. కాయ నల్లబడినా సరే, నిజం బయటపడాలి.

వెనకడుగు వేయని,
ప్రసన్నకుమార్

తా.క. చలిలో బతికే చేపంటారు. మీ గదిలో ఉన్నదీ చలే. మరి అది చచ్చిందని ఎవరు చెప్పారు? మూత తీస్తే నా వైపే చూసింది, రెండు కళ్ళతోనూ.

శనివారం పొద్దున

బాబూ,

మాట తప్పుతున్నాను. పెట్టె మీ నాన్నది. వాడరేవులో చేపల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు ప్రేమదాసు విదేశం నుంచి తెప్పించి పంపాడు. కార్తీకంలో మీ అమ్మ శివపార్వతి గారు నీచు గడప దాటనిస్తారా? పోలి పాడ్యమి దాకా దాచమని బుల్లయ్య గారు నా గడ్డం పట్టుకున్నారు. మిరప గదిలో పెట్టనివ్వడం నా తప్పే. ఇప్పుడే తీయించాను. లారీ ఆపు.

మొహిద్దీన్ బాషా

తా.క. చేప చచ్చింది. నీ ఉత్తరం చదివాక నేనూ గిల్లి చూశాను.

శనివారం సాయంత్రం

బాషా మామకు,

ద్రోహం జరిగింది. చేసింది మా నాన్న. నిలదీస్తే, "ఒరేయ్, గొంతు తగ్గించు, మీ అమ్మ వింటుంది" అన్నాడు. లారీ ఆపేశాను, కాయ భద్రం. కరపత్రాలు మాత్రం పొద్దున్నే ఊరంతా పంచాను. అమ్మ చదివింది. "ఎవడిదిరా ఆ చేప? రేపు సభకి నేనూ వస్తా, మొహం చూడాలి" అంటోంది. అప్పటినుంచి నాన్న మట్టిరంగు దుప్పటి కప్పుకుని నేలకు అంటుకుపోయాడు. కదలడం లేదు. కళ్ళు రెండూ అమ్మ వైపే.

తలవంచిన,
ప్రసన్నకుమార్

తా.క. ప్రేమదాసు గారిని వెంటబెట్టుకుని రేపు పదింటికి ముందే మా ఇంటి గేటు దగ్గరికి రండి. మనం ముగ్గురం పట్టుకుంటే గానీ అధ్యక్షుల వారు పైకి లేవరు.